యకుషిజిలో నిటారుగా నిలిచిన అవలోకితేశ్వరుడు

జపాన్‌లోని నారాకు వెళ్ళే మనవాళ్ళు చాలామంది తోదాయిజిలోని మహాబుద్ధుణ్ణి, ఆ పక్క పార్కులో తిరిగే జింకలను చూసుకుని సాయంత్రానికి క్యోటోకో ఒసాకాకో తిరిగి వెళ్ళిపోతుంటారు. నేను మాత్రం ప్రధానంగా ఒక కంచు విగ్రహం కోసమే ఆ ఊరు వెళ్ళాను. నగరానికి పడమటి వైపున ఉన్న యకుషిజి ఆలయంలో, తోఇన్‌దో అనే మందిరంలో కొలువైన షో కన్నోన్ విగ్రహం అది. మనం అవలోకితేశ్వరుడని పిలిచే కరుణామూర్తి అయిన బోధిసత్త్వుణ్ణే జపానీయులు కన్నోన్ అంటారు. క్యోటో నుంచి కింతెత్సు రైల్లో యమతో-సైదాయిజి దాకా వచ్చి, అక్కడ కషిహరా లైనుకు మారితే రెండో స్టేషనే నిషినోక్యో. దిగగానే ఆలయం పక్కనే ఉంటుంది.

ఈ ఆలయం ఒక మొక్కుతో మొదలైంది. పట్టపురాణి జబ్బు పడినప్పుడు ఆమె కోలుకోవాలని తెమ్ము చక్రవర్తి 680లో రోగాలు నయం చేసే భైషజ్యగురు బుద్ధుడికి ఆలయం కట్టిస్తానని సంకల్పించాడు. రాజధాని నారాకు మారిన తరువాత 718లో ఆలయం కూడా ఇప్పుడున్న చోటికి తరలివచ్చింది. 730 నాటి తూర్పు గోపురం తప్ప అప్పటి కట్టడాలేవీ మిగలలేదు. 1528లో యుద్ధపు మంటల్లో కాలిపోయిన ప్రధాన మందిరాన్ని మళ్ళీ పూర్తిగా నిలబెట్టింది 1976లో. అందుకు కావలసిన డబ్బు కోసం అప్పటి మఠాధిపతి తకదా కోయిన్ పెద్ద దాతల వెంట పడకుండా, ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రమనే చిన్న బౌద్ధ గ్రంథాన్ని చేత్తో రాసి, దానితో పాటు కొద్దిపాటి కానుక సమర్పించమని 1968 నుంచి సామాన్య భక్తులను కోరాడు. ఆ రాత ఇప్పటికీ సాగుతూనే ఉంది. ప్రధాన మందిరంలోని నల్లని కంచు విగ్రహాలు మూడింటినీ చూసి ఆశ్చర్యపడ్డాను కాని, రద్దీ వల్ల అక్కడ ఎక్కువసేపు నిలవలేదు.

తోఇన్‌దో అందుకు పూర్తిగా భిన్నమైన చోటు. కిబి రాకుమారి తన తల్లి గెమ్మెయి చక్రవర్తిని కోసం 8వ శతాబ్ది తొలినాళ్ళలో కట్టించిన మందిరం పోగా, 1285లో తిరిగి నిర్మించినదే ఇప్పుడు మనం చూసేది. చెప్పులు విడిచి చెక్క నేల మీద అడుగుపెడితే, ఎదురుగా నలుగురు దిక్పాలకుల నడుమ, దాదాపు 189 సెంటీమీటర్ల ఎత్తున కన్నోన్ నిలబడి ఉంటాడు. 7వ శతాబ్ది చివరో 8వ శతాబ్ది మొదట్లోనో పోతపోసిన విగ్రహమని పండితుల అంచనా. లోపల ఫొటోలు తీయనివ్వరు. నా మటుకు అది మంచిదే అయింది, ఎందుకంటే చేతిలో ఫోను లేనప్పుడే ఆ కంచు మీద వెలుగు ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ జారిపోతోందో గమనించే ఓపిక వచ్చింది.

కరుణామూర్తి అనగానే కాస్త ఒంగిన నడుమునూ, వాలిన తలనూ మనసు ముందుగానే ఊహించుకుంటుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. రెండు పాదాల మీదా సమానంగా బరువు మోపి, భుజాలు విప్పార్చి, బాణంలా నిటారుగా నిలబడ్డాడు. ఎడమ చేయి పైకెత్తి ఉంది, కుడి చేయి కిందికి వాలి ఉంది; ఆ ఒక్క తేడా తీసేస్తే కుడి ఎడమలు దాదాపు ఒకదానికొకటి అద్దంలోని నీడల్లా ఉంటాయి. ముఖంలో చిరునవ్వు కోసం వెతికితే దొరకదు. ఆపదలో ఉన్నవాడికి ఓదార్పు మాటల కన్నా కదలకుండా పక్కన నిలబడే మనిషే ఎక్కువ అక్కరకు వస్తాడని ఈ శిల్పి భావించాడేమోనని నాకు అనిపించింది.

ఆ బిగువును సడలించే పని బట్ట చేస్తుంది. నడుము నుంచి కిందికి దిగిన పల్చని వస్త్రం తొడలకు, మోకాళ్ళకు అంటుకుపోయి లోపలి కాళ్ళ ఆకారాన్ని పూర్తిగా బయటపెడుతుంది. దాని మీద సన్నని మడతలు వరుసగా కిందికి దిగుతాయి. మోకాళ్ళ దగ్గర కూర్చుని చూసినప్పుడు, లోహంతో ఇంత పల్చదనాన్ని చూపడం ఎలా సాధ్యమైందో అంతుపట్టలేదు. ఒంటికి అంటుకున్న ఈ వస్త్రధోరణి గుప్తుల కాలపు భారతీయ శిల్పానిది. తాంగ్ చైనా మీదుగా జపాన్ చేరింది. సారనాథ్ బుద్ధ విగ్రహాలను చూసినవారికి ఆ చుట్టరికం వెంటనే తెలిసిపోతుంది.

తెలుగువారికి ఇక్కడ మరో చుట్టరికం కూడా ఉంది. యకుషిజి హొస్సో అనే బౌద్ధ శాఖకు ప్రధాన పీఠాలలో ఒకటి. ఆ శాఖ తన మూలపురుషుడిగా కొలిచేది మన పాఠ్యపుస్తకాల్లోని హ్యూయన్‌త్సాంగ్‌నే. ఆవరణకు ఉత్తరాన ఆయనకు ప్రత్యేకంగా మందిరం ఉంది. భక్తులు ఇక్కడ కూర్చుని రాసే హృదయ సూత్రం ఆయన అనువాదంగా ప్రసిద్ధమైనదే, అది అవలోకితేశ్వరుడి ప్రస్తావనతోనే మొదలవుతుంది. 7వ శతాబ్దిలో ధాన్యకటకానికి, అంటే నేటి అమరావతి ప్రాంతానికి, వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ అక్కడ విన్న ఒక కథను తన యాత్రా గ్రంథంలో చేర్చాడు. భావవివేకుడనే ఆచార్యుడు మైత్రేయ బుద్ధుడు వచ్చేదాకా బతికి ఉండాలన్న కోరికతో అవలోకితేశ్వరుడి విగ్రహం ముందు నిరాహారంగా ధారణి అనే మంత్రాన్ని జపించాడట. బోధిసత్త్వుడు ప్రత్యక్షమై, ధాన్యకటకం దగ్గరి కొండకు వెళ్ళి వజ్రపాణి అనే మరో బోధిసత్త్వుణ్ణి ప్రార్థించమని దారి చూపాడట. కృష్ణాతీరపు ఈ కథను రాసిపెట్టుకున్న భిక్షువును నారాలో గురువుగా పూజిస్తున్నారన్న సంగతి నేను ఆ మందిరం దగ్గర నిలబడే దాకా ఒకచోటికి చేర్చి ఆలోచించలేదు.

వెళ్ళదలచినవారికి ఒక మాట. తోఇన్‌దో మొదట్లో దక్షిణాభిముఖంగా ఉండేది. 1733లో దాన్ని పడమటికి తిప్పారు. కాబట్టి మధ్యాహ్నం దాటాక వెళితే వెలుగు ఎదురుగా పడుతుంది. అన్నిటికన్నా ముందు ఈ మందిరానికే వెళ్ళి, తీరిక ఉంటే హృదయ సూత్రం రాయడానికి కూర్చోవచ్చు. కింద అచ్చు ప్రతి పెట్టి, పైన పల్చని కాగితం మీద కుంచెతో దిద్దుకుంటూ పోవడమే కనుక అక్షరాలు రాకపోయినా ఇబ్బంది లేదు.