సిల్వర్ జూబ్లీ బాగా చేశాం, మైక్ పర్మిషన్ దగ్గరే నరకం చూశా

మా పదో తరగతి 2000 బ్యాచ్ సమ్మేళనం మొన్న ముక్కనుమ నాడు అయింది. డెకరేషన్ అతని లెక్క ఇంకా తేలలేదు, అయినా కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

డేట్ పెద్ద పని కాదు. కనుమ నాడు మావైపు ఎవరూ ప్రయాణం కట్టరు, హైదరాబాద్, బెంగళూరు వాళ్ళు ఎలాగూ ఊళ్ళోనే ఉంటారు, మర్నాడు పెట్టేశాం. చందాలు గ్రూపులో మెసేజ్ పెడితే రావు, ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేయాల్సిందే. భోజనాలు ఎవరికీ తక్కువ కాలేదు, ఆ మాట గర్వంగా చెప్తా.

ఇక మైక్ పర్మిషన్. స్కూల్ గ్రౌండ్‌లో పెడదామని హెడ్మాస్టర్ గారి లెటర్ తీసుకుని, అప్లికేషన్ రాసుకుని స్టేషన్‌కెళ్తే అక్కడ రైటర్ కాగితం వైపు చూడకుండానే "ఏమ్మా, మీ బ్యాచ్‌లో మగాళ్ళెవరూ లేరా? మీ ఆయన్ని పంపించు" అన్నాడు. బెంచీ మీద వాళ్ళంతా నావైపే చూస్తున్నారు, తల తీసేసినట్టైంది. పదేళ్ళుగా డ్వాక్రా గ్రూపు లీడర్‌ని నేను, మినిట్స్ బుక్కు రాసి, బ్యాంకు మేనేజర్ ఎదురుగా కూర్చుని లోన్ మాట్లాడి తెచ్చినదాన్ని. "సెక్రటరీని నేనేనండి, సంతకం కూడా నాదే" అన్నా. సరే చూద్దాంలే అని కాగితం తీసి ఫైళ్ళ కింద పెట్టి దానిమీద టీ గ్లాసు పెట్టాడు, కాపీ మీద ముద్ర వేయమంటే "అవసరం లేదమ్మా, అయిపోద్ది" అన్నాడు. తర్వాత ఎప్పుడెళ్ళినా సార్ లేరు, కోడిపందాల బందోబస్తు అన్నారు. ఇక్కడేమో కార్డులు కొట్టించేశాం, స్టేజీకి అడ్వాన్స్ ఇచ్చేశాం, తీరా భోగి ముందురోజు ఫోన్ చేసి స్కూల్ చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్, కుదరదు అన్నాడు.

రూల్ తప్పని నేననను. శబ్ద కాలుష్యం మీద 2000లో వచ్చిన రూల్స్‌లో స్కూళ్ళకి, ఆస్పత్రులకి, కోర్టులకి అది ఉంది. ఆ ముక్క మొదటిరోజే చెప్తే ఆయన సొమ్మేం పోయింది? ఎదురుగా ఆడమనిషి నిలబడిందని వినబుద్ధి కాలేదు, అంతే. అప్పటికప్పుడు ఊరవతల కళ్యాణ మండపం మాట్లాడి, మళ్ళీ అప్లికేషన్ రాసి ఈసారి ఎస్సై గారి చేతికే ఇచ్చా, రెండో కాపీ మీద ముద్ర పడేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. ఆయన మర్యాదగానే మాట్లాడారు, పని అయింది.

పొద్దున స్కూల్లో మైక్ లేకుండానే ప్రేయర్ చేసి, మా తెలుగు మాస్టారు పాత రిజిస్టర్ చూసి హాజరు పిలిచారు, ఆయన గొంతు ఇప్పటికీ చివరి వరస దాకా వినబడుద్ది. తర్వాత అందరం మండపానికెళ్ళాం.

మీరెవరైనా ఇలాంటిది పెట్టుకుంటే కార్డుల కన్నా ముందు మైక్ సంగతి తేల్చుకోండి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట మైక్ పెట్టకూడదు, పాటలూ డ్యాన్సులూ ఆ లోపే. లీడర్లని మాత్రం పిలవకండి, వాళ్ళ కోసం ఆగితే పెద్ద వయసు మాస్టార్లు ఆకలితో కూర్చోవాలి, సన్మానం భోజనాలకి ముందే అయిపోవాలి. స్టేజీ మెట్లు ఎత్తుగా ఉంటే సన్మానం కిందే చేయండి, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళని ఎక్కించకండి. మండపం వాళ్ళకి అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు జనరేటర్ డీజిల్ ఎవరిదో రసీదు మీద రాయించుకోండి, మాకు చివర్లో ఆ గొడవ కూడా అయింది.