హాజరు పట్టీ

నేను పదో తరగతి పరీక్ష రాయగలిగానంటే, మన లెక్కల మాస్టారు ఒకరోజు మధ్యాహ్నం హాజరు పట్టీ తెప్పించి నా ఎదురుగా ఒక్కో రోజూ లెక్కపెట్టబట్టే.

మన బడి పూర్వ విద్యార్థుల సమ్మేళనం సంచిక కోసం ఇది రాస్తున్నాను. మాది 1976 బ్యాచ్. అప్పట్లో మన బడిలో సగంమంది జూట్ మిల్లు కార్మికుల పిల్లలే. మిల్లు సైరన్ మోగితే పుస్తకాలు సర్దుకునేవాళ్ళం. ఆ ఏడాది మిల్లు లాకౌట్ అయింది. నాన్న వీవింగ్‌లో పనిచేసేవాడు. గేటు మూశాక ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపించడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. అమ్మతోపాటు నేనూ కలుపుకీ, వేరుశనగ కాయలు వలవడానికీ వెళ్ళాను. పరీక్షల ముందు నోటీసు బోర్డు మీద హాజరు చాలనివాళ్ళ జాబితా పెట్టారు. అందులో నా పేరు మూడోది.

నాన్న చొక్కా తొడుక్కుని బడికొచ్చి వరండాలో నిలబడ్డాడు. "ఏటమ్మా, పరీచ్చకి కూకోనివ్వరా?" అన్నాడు నాతో. మిల్లు గేటు దగ్గర అంత గట్టిగా మాట్లాడే మనిషికి హెడ్మాస్టరు గది ముందు గొంతు పెగల్లేదు.

మాస్టారు జాలి చూపించమని హెడ్మాస్టరు గారిని అడగలేదు. పట్టీ తెప్పించండి అన్నారు, అంతే. బల్లకి ఒకవైపు హెడ్మాస్టరు, పక్కన గుమాస్తా గారు కూర్చున్నారు. నన్ను పిలిచి ఇంకోవైపు నిలబెట్టారు. "నువ్వూ చూడమ్మా. నేను తప్పు లెక్కపెడితే చెప్పు" అన్నారు. బడి నడిచిన రోజులు 220, ఉండాల్సిన హాజరు 165, నాకున్నది 158. గుమాస్తా గారి లెక్కలో తప్పేమీ లేదు. నా కాళ్ళు వణికాయి.

అప్పుడు మాస్టారి పెన్సిల్ నవంబరు పేజీ మీద ఆగింది. వరసగా ఐదు ఆబ్సెంట్లు. "ఈ ఐదు రోజులూ ఈ పిల్ల ఎక్కడుంది?" అన్నారు. ఖోఖో పోటీలకి విజయనగరంలో ఉన్నాను. జనవరిలో ఇంకో నాలుగు రోజులూ అంతే. "బడి పంపిస్తేనే వెళ్ళింది. బడి పని మీద వెళ్ళిన రోజు బడికి రాని రోజెలా అవుతుందండీ?" అన్నారు. మొత్తం 167. హెడ్మాస్టరు గారు ఆ తొమ్మిది చోట్లా ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన పొడి సంతకం పెట్టారు.

బయటికొచ్చాక, కలుపుకి వెళ్ళిన రోజులు కూడా కలపకూడదా అని అడిగాను. "ఆ రోజులు నువ్వు రాలేదు కదమ్మా. రాలేదనే ఉండనీ" అన్నారు. అప్పుడు కొంచెం మనసు చివుక్కుమంది.

తర్వాత లా చదివి, లేబర్ డిపార్ట్‌మెంట్‌లో చేరి, 2021లో రిటైరయ్యాను. అన్నేళ్ళూ నా పని ఎక్కువగా కన్సిలియేషన్. యూనియన్‌నీ మేనేజ్‌మెంట్‌నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి ఒప్పించే ప్రయత్నం చేయాలి. ఒప్పుకుంటే సెటిల్మెంట్, లేకపోతే ప్రభుత్వానికి ఫెయిల్యూర్ రిపోర్ట్. అక్కణ్ణించి ఫైలు లేబర్ కోర్టుకి వెళ్ళేది. నేను పంపిన ఫైళ్ళలో కొన్ని తేలేసరికి కార్మికుడికి రిటైర్మెంట్ వయసు వచ్చేసింది. ఒక కేసులో తీర్పు కాగితం భార్య వచ్చి తీసుకుంది. ఆవిడ వేలిముద్ర వేస్తుంటే నేను తలెత్తి చూడలేకపోయాను.

ఇంకో దారి ఉంది. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 10ఏ అనే సెక్షన్‌ని 1956 సవరణలో చేర్చారు. గొడవ కోర్టుకి వెళ్ళకముందే రెండు పక్షాలూ కలిసి, ఫలానా మనిషి చెప్పింది వింటామని రాసుకుని సంతకాలు పెట్టుకోవచ్చు. ఆ మనిషే ఆర్బిట్రేటర్. కన్సిలియేషన్ ఆఫీసరు నచ్చజెప్పగలడు కానీ తీర్పు చెప్పలేడు. ఆర్బిట్రేటర్ తీర్పు చెప్తాడు, అది ఇద్దరూ పాటించాలి. నా సర్వీసులో ఈ దారికి ఒప్పుకున్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఓడిపోతే పైకి వెళ్ళడానికి అప్పీలు ఉండదని రెండు వైపులా భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ పదేళ్ళు కోర్టు చుట్టూ తిరగడం అంతకంటే మేలని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. 1918లో అహ్మదాబాదు మిల్లు కార్మికులు 35 శాతం పెంపు అడిగారు, యజమానులు 20 దగ్గర ఆగారు. గాంధీగారు నిరాహార దీక్షకి కూర్చున్నాక, గుజరాతీ పండితుడు ఆనందశంకర్ ధ్రువ గారిని మధ్యవర్తిగా పెట్టుకుందామని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆయన తేల్చేదాకా ఏం చేయాలి? మొదటిరోజు 35 శాతం, రెండోరోజు 20, మూడోరోజు నుంచి ఆ రెంటికీ సగటు 27.5 అనుకున్నారు. ఇద్దరి మాటా నిలిచింది, మగ్గాలు తిరిగాయి. చివరికి ధ్రువ గారు 35 శాతమే ఖాయం చేశారు. మన వి.వి.గిరి గారు కూడా వివాదాలు కోర్టుల్లో కాదు, మాట్లాడుకుని, కాకపోతే ఇష్టపూర్వకంగా మధ్యవర్తిని పెట్టుకుని తేల్చుకోవాలని పట్టుబట్టినవారే. బ్యాంకు ఉద్యోగుల అవార్డుని, అంటే వాళ్ళ వివాదంలో వచ్చిన తీర్పుని, ప్రభుత్వం మార్చిందని 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవి వదులుకున్నారు. ఆయనంటే నాకున్న గౌరవమంతా అక్కడే ఉంది.

2022లో విశాఖ దగ్గర ఒక ఫ్యాక్టరీవాళ్ళూ, అక్కడి యూనియనూ కలిసి నన్ను ఆర్బిట్రేటర్‌గా పెట్టుకున్నారు. క్యాజువల్‌గా పనిచేసే ఒకతన్ని తీసేశారు. చట్టం ప్రకారం, ముందరి పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసిన మనిషిని పనిలోంచి తగ్గించాలంటే నెల నోటీసు, పరిహారం ఇవ్వాలి. 240 లేవు, 226 ఉన్నాయి, కాబట్టి ఏమీ ఇవ్వక్కర్లేదని మేనేజ్‌మెంట్ వాదన. లెక్క తప్పని యూనియన్ అంటుంది, ఎక్కడ తప్పో చూపించలేకపోతోంది.

ఇద్దరికీ సంబంధం లేని చోటు కావాలని ఊళ్ళో లైబ్రరీ మేడమీది గది అడిగి తీసుకున్నాం. మస్టర్ రోల్స్, అంటే ఫ్యాక్టరీ హాజరు పట్టీలు, తెమ్మన్నాను. ఫోటోకాపీలు తెచ్చారు. అసలువి కావాలన్నాను. రెండో సిట్టింగ్‌కి గుడ్డ అట్టల పుస్తకాలు వచ్చాయి. హెచ్ఆర్ మేనేజర్ ఒకవైపు, యూనియన్ సెక్రటరీ ఒకవైపు, మధ్యలో ఆ కార్మికుడు. "మీరూ చూడండి బాబూ. నేను తప్పు లెక్కపెడితే చెప్పండి" అన్నాను. అనేశాక ఒక్క క్షణం నోట మాట రాలేదు. ఆ మాట ఎవరిదో నాకు తెలుసు.

226. మేనేజ్‌మెంట్ లెక్క కరెక్టే. జూలై పేజీలో వరసగా పద్నాలుగు గీతలు ఉన్నాయి. ఎందుకు రాలేదని అడిగితే అతను అప్పటిదాకా బల్ల కింద పెట్టుకున్న ఎడమచెయ్యి పైకి తీశాడు. ఉంగరం వేలు మొదటి కణుపు దాకానే ఉంది. ప్రెస్ మీద నలిగింది. ఈఎస్ఐ కాగితం చొక్కా జేబులో, నాలుగు మడతల్లో ఉంది. పని చేస్తూ ప్రమాదం జరిగి రాలేకపోయిన రోజుల్ని పనిచేసిన రోజులుగానే లెక్కపెట్టాలని అదే చట్టంలో 25బి సెక్షన్ చెప్పింది. జీతంతో ఇచ్చిన సెలవులు కూడా కలపాలని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. అతని జీతం చీటీల్లో ఆగస్టు 15, అక్టోబరు 2, జనవరి 26 ఉన్నాయి. 226కి పద్నాలుగు, మూడు. 243. మేనేజర్ తనే కాలిక్యులేటర్ కొట్టి చూసి, "అవునండీ" అన్నాడు. ఆ యువకుడి మీద నాకు గౌరవం కలిగింది.

మిగిలింది పాత జీతం. బయట ఉన్న పదకొండు నెలలకీ మొత్తం ఇవ్వాలని యూనియన్ అడిగింది. ఈ మధ్యలో ఏమైనా పనిచేశావా అని అతన్ని అడిగాను. సెక్రటరీ అతని వైపు చూశాడు. అతను నా వైపు చూసి, "ఐదు నెలలు అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మెన్‌గా చేశానమ్మా" అన్నాడు. ఉద్యోగం తిరిగి ఇవ్వాలనీ, ఆరు నెలల జీతం కట్టాలనీ అవార్డు రాశాను. సెక్రటరీకి కోపమొచ్చింది. నిజం చెప్పినందుకు వీడికే నష్టమా అన్నాడు. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. కానీ కాగితం మీద అంకె మార్చలేదు. మొదటి సిట్టింగ్ నుంచి అవార్డు దాకా 47 రోజులు పట్టింది.

2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. అందులోనూ ఇష్టపూర్వక ఆర్బిట్రేషన్ ఉంది. ఇరవైమంది కార్మికులున్న ప్రతిచోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలి. ఈ సంచిక చదివే మన పిల్లల్లో ఫ్యాక్టరీలు నడిపేవాళ్ళున్నారు, యూనియన్లలో ఉన్నవాళ్ళున్నారు. మీ దగ్గర ఆ కమిటీ ఉందో లేదో ఒకసారి చూడండి. గొడవొస్తే లాయరు దగ్గరికి వెళ్ళేముందు, ఇద్దరికీ నమ్మకమున్న మనిషి ఒకరు దొరుకుతారేమో అడగండి.

మాస్టారు పోయి చాలా ఏళ్ళయింది. ఈ అవార్డు సంగతి ఆయనకి చెప్పుకోలేకపోయాను. సమ్మేళనం కమిటీవాళ్ళకి నాదొక్క విన్నపం. ఆఫీసు గదిలో పాత బీరువా ఇంకా ఉంటే, 1975-76 పదో తరగతి హాజరు పట్టీ అందులో ఉందేమో వెతికించండి. నవంబరు పేజీ, జనవరి పేజీ. సమ్మేళనం రోజు కొంచెం ముందే వస్తాను.