కొబ్బరి చిప్పల మీద లేజర్ – నాలుగో వారం: ఎర్త్, మూత, నీళ్ళు

రాజోలులో మా పెరటి షెడ్డులో 40 వాట్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్ మిషను పెట్టి నాలుగు వారాలైంది. చైనా నుంచి వచ్చిన చవక రకం. కొబ్బరి చిప్పల మీద పేర్లు, ముగ్గులు చెక్కుదామని కొన్నాను. ఇప్పటికి చెక్కినవి 11 చిప్పలే. మిగతా టైమంతా మిషను పక్కన ధైర్యంగా నిలబడేలా దాన్ని సరిచెయ్యడానికే పోయింది. వెనక సీఈ స్టిక్కర్ (యూరప్ భద్రతా నియమాలకి సరిపోతుందని చెప్పే గుర్తు) చూసి నేనూ నమ్మాను. చాలా వస్తువుల మీద ఆ గుర్తు తయారీదారు తనంతట తను వేసుకునేదేనని తర్వాత తెలిసింది.

ముందు ఎర్త్ చూశాం. ఎలక్ట్రీషియన్ పని చేసే మా చిన్నాన్న మీటరు తెచ్చి, ఒక వైరు ప్లగ్గు పెద్ద పిన్నుకి, రెండోది పెట్టె రేకుకి ఆనించాడు. బీప్ రాలేదు. లోపల ఆకుపచ్చ వైరు ఉంది, బోల్టు గట్టిగానే బిగించి ఉంది. బోల్టు విప్పి చూస్తే కింద నీలం పెయింటు చెక్కుచెదరలేదు. "గీకకుండా బిగించేశార్రా. ఇంక కరెంటు ఎక్కడికి దిగుద్ది?" అన్నాడు. రూపాయి బిళ్ళంత మేర ఎమరీ పేపరుతో రేకు మెరిసేదాకా రుద్ది, పళ్ళ వాషరు వేసి మళ్ళీ బిగించాం. మీటరులో 0.3 ఓమ్‌లు చూపించింది. మా కోనసీమ గాలికి తుప్పు తొందరగా పట్టేస్తుంది కాబట్టి పైన గ్రీజు రాశాం. షెడ్డు బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్, కూడా పెట్టించాను. లేజర్ పుట్టే ట్యూబుకి వెళ్ళేది వేల వోల్టులు. అటువైపు మేమిద్దరం చెయ్యి పెట్టలేదు.

మూత ఎత్తినా లేజర్ ఆగేది కాదు. అన్నిటికన్నా ఎక్కువ భయపడింది దీనికే, ఎందుకంటే ఈ కిరణం కంటికి కనపడదు. మూతకి ఒక లిమిట్ స్విచ్ (మూత తెరిస్తే ఆఫ్ అయ్యేది), ట్యూబుని చల్లబరిచే నీళ్ళ గొట్టానికి ఒక ఫ్లో స్విచ్ (నీళ్ళు పారకపోతే ఆఫ్ అయ్యేది) కొని, రెంటినీ వరసగా లేజర్ ఆన్ స్విచ్ లైన్లో కలిపాం. ఇప్పుడు మూత ఎత్తినా, పంపు ప్లగ్గు పీకినా టెస్ట్ బటన్ నొక్కితే ఏమీ రాదు. పని మొదలుపెట్టే ప్రతిసారీ ఈ రెండూ చూస్తాను.

ట్యూబుని చల్లబరిచే ఆ నీళ్ళ బకెట్లో బోరు నీళ్ళు పొయ్యలేదు. మావైపు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, ఉప్పు నీళ్ళలో కరెంటు పారుతుంది. బ్యాటరీలకి పోసే డిస్టిల్డ్ వాటరే వాడుతున్నాను. మధ్యాహ్నం ఆ నీళ్ళు 33 డిగ్రీలు దాటుతున్నాయి, అందుకే చెక్కేది తెల్లవారుజామునే.

మా బావమరిది దగ్గర నీలం కాంతి డయోడ్ లేజర్ మిషనుంది. మామూలు అక్రిలిక్ పెట్టెలో పెట్టి సరిపోతుందనుకున్నాడు. నా మిషను కిరణాన్ని ఆ అక్రిలిక్ ఆపుతుంది గానీ, 450 నానోమీటర్ల నీలం కాంతి అందులోంచి నేరుగా వచ్చి కంటి వెనక రెటీనాని కాల్చేస్తుంది. ఆ తరంగదైర్ఘ్యం రాసున్న కళ్ళజోడు వచ్చేదాకా ఆన్ చెయ్యొద్దని గట్టిగా చెప్పాను.

మొన్న కడియం నర్సరీ ఆయన మొక్కల పేర్లు చెక్కమని తెల్ల ఫోమ్ షీటు పంపారు. రాగి తీగ ఎర్రగా కాల్చి షీటుకి గుచ్చి, మళ్ళీ మంటలో పెడితే మంట ఆకుపచ్చగా మారింది. అంటే క్లోరిన్ ఉంది, పీవీసీ. దాన్ని లేజర్‌తో కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, ఊపిరితిత్తులకీ ముప్పే, మిషనుకీ తుప్పే. ఫోన్ చేసి చెబితే, "సరే తమ్ముడూ, నీకేది మంచిదైతే దాని మీదే చెయ్యి" అన్నారు. 3 మిల్లీమీటర్ల అక్రిలిక్ తెచ్చాను. అది అంటుకునే రకం కాబట్టి మంటలార్పే సిలిండరు పక్కనే పెట్టుకుని, కుర్చీలోంచి లేవకుండా చేస్తున్నాను. 40 పలకల్లో 16 అయ్యాయి.