అమెరికాలో వాకీటాకీలకి జీఎంఆర్‌ఎస్ లైసెన్స్ ఎందుకు తీసుకున్నానంటే – నా అనుభవం

పోయినేడాది మూడు కార్లలో బే ఏరియా నుంచి యోసెమిటీ వెళ్ళాం, కొండల్లోకి వెళ్ళాక ఫోన్లు పనిచెయ్యవని ముందే మామూలు వాకీటాకీలు కొన్నాం, ప్యాకెట్ మీద ప్రైవసీ కోడ్ అని రాసుంది కదా ఇంక మన మాటలు మనకే అనుకుని ఛానెల్ 3, కోడ్ 12 పెట్టేశాం. ఘాట్ రోడ్డులో వెనక కారులోంచి మా బావమరిది "బావా, పాపకి వాంతులవుతున్నాయి, కాస్త ఆపు" అని నాలుగైదు సార్లు పిలిచాడంట. నాకు వినపడింది "బావా.. పా.." అంతే, తర్వాత గర్‌ర్ మని గోల. బిడ్డ అంతసేపు అవస్థ పడిందంటే ఇప్పటికీ మనసుకి కష్టంగానే ఉంటుంది.

ఆగిన చోట సెట్ చూస్తే ఎవరూ మాట్లాడకపోయినా రిసీవ్ లైట్ వెలుగుతూనే ఉంది. కోడ్‌తో పనిలేకుండా ఛానెల్‌లో ఉన్నదంతా వినిపించే మానిటర్ బటన్ నొక్కి పట్టుకున్నా, అదే ఛానెల్‌లో ఎవరో రోడ్డు పనివాళ్ళు లారీ వెనక్కి తియ్యమని గట్టిగా చెప్పుకుంటున్నారు! వాళ్ళ తప్పేం లేదు, ఆ ఛానెల్ వాళ్ళది కూడా. కోడ్ అంటే తాళం కాదండీ, మాట కింద కలిపే సన్నటి టోన్ మాత్రమే, పక్కవాళ్ళ మాటలు మన స్పీకర్‌లో రాకుండా చేస్తుంది కానీ సిగ్నళ్ళు గాల్లో గుద్దుకోవడం ఆపదు, ఎఫ్‌ఎం కాబట్టి దగ్గరున్న బలమైన సిగ్నల్ మనవాళ్ళ గొంతు నొక్కేస్తుంది.

వచ్చాక రూల్స్ చదివా. 2017లో మార్చిన రూల్స్ ప్రకారం ఎఫ్‌ఆర్‌ఎస్ (లైసెన్స్ అక్కర్లేని మామూలు వాకీటాకీలు), జీఎంఆర్‌ఎస్ (లైసెన్స్ తీసుకుని వాడేవి) రెండూ అవే 22 ఛానెళ్ళు పంచుకుంటాయి. లైసెన్స్ లేని సెట్‌కి 2 వాట్లు, 8 నుంచి 14 దాకా ఛానెళ్ళలో అయితే అర వాటే, యాంటెన్నా మార్చకూడదు. లైసెన్స్ ఉంటే 15 నుంచి 22లో 50 వాట్ల దాకా, కారు పైన యాంటెన్నా కూడా పెట్టుకోవచ్చు.

పరీక్ష లేదు, సిటిజెన్ అవ్వక్కర్లేదు, 18 ఏళ్ళు నిండితే చాలు. రేడియో లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ వాళ్ళ కోర్స్ (CORES) అనే సైట్‌లో అకౌంట్ చేసి ఎఫ్‌ఆర్‌ఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబర్ తీసుకుని, దాంతో యూఎల్‌ఎస్ అనే వాళ్ళ లైసెన్స్ సైట్‌లో జెడ్‌ఏ (అంటే జీఎంఆర్‌ఎస్) అనే సర్వీస్ ఎంచుకోవాలి. సబ్మిట్ కొట్టగానే అయిపోయిందనుకోకండి, 35 డాలర్ల ఫీజు మళ్ళీ విడిగా కట్టాలి, పది రోజులే గడువు, నేను ఎనిమిదో రోజు చూసుకుని కట్టా. రెండు రోజుల్లో లైసెన్స్, దాంతో కాల్ సైన్ (రేడియోలో మనం చెప్పుకునే గుర్తింపు పేరు) వచ్చింది, పదేళ్ళు ఉంటుంది. భార్యాపిల్లలు, అమ్మానాన్న, అత్తమామలు, బావమరుదులు అందరికీ అదే సరిపోతుంది. ఫ్రెండ్‌కి మాత్రం వర్తించదు, అందుకే మూడో కారులో ఉండే ఫ్రెండ్ వాళ్ళు పాత సెట్లతోనే మాతో మాట్లాడుతున్నారు.

లైసెన్స్ ఉన్నా ఛానెల్ మన సొంతం అవ్వదు. ఈ ఏడాది బయల్దేరేముందు మానిటర్ నొక్కి ఒక నిమిషం విన్నా, ఛానెల్ 16లో ఎవరో ఉన్నారు, 20కి మారాం. పదిహేను నిమిషాలకోసారి, మాటలు అయ్యాక ఇంకోసారి కాల్ సైన్ చెప్పాలి, ఆ పని మా పాప తీసుకుంది.