కోలా గింజకు ఇంగ్లీషు రాదు

తెల్లవారుజామున నాలుగున్నరకు నైజీరియాలో, లాగోస్‌లోని జిబోవు బస్టాండు చేరేసరికే అక్కడ కాలు పెట్టే చోటు లేదు. బియ్యం బస్తాలు, టీవీ డబ్బాలు, చుట్టకట్టిన పరుపులు, వాటి మీద నిద్రపోతున్న పిల్లలు. 2023 డిసెంబర్ 22. క్రిస్మస్‌కు ఇగ్బో జాతివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో నైజర్ నది అవతల ఉన్న సొంతూళ్ళకు పోతారు. సంక్రాంతి ముందు ఎంజీబీఎస్ చూసినవాళ్ళకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఛార్జీల సంగతీ మన సంక్రాంతి లాగే ఉంది. నవంబర్‌లో చెప్పినదానికి రెట్టింపు అడిగారు, లగేజీకి వేరే. ఎందుకంత అంటే కౌంటర్ కుర్రాడు "పెట్రోలు, సార్" అని ఊరుకున్నాడు. ఆ ఏడాది మే 29న ప్రమాణం చేసిన రోజే అధ్యక్షుడు టినుబు పెట్రోలు సబ్సిడీ లేదని ప్రకటించాడు. 200 నైరాల లోపు ఉన్న లీటరు కొద్ది రోజుల్లోనే 500 దగ్గరికి పోయింది. ఆ కుర్రాడి మీద కోపం పెట్టుకోలేను. కానీ పిల్లల సీట్లకు కూడా నోట్ల కట్టలు లెక్కపెట్టి ఇస్తున్న ఐయా ఇబేజీని చూస్తే కడుపు మండింది.

ఐయా ఇబేజీ అంటే కవలల తల్లి. మా ఆఫీసు అకౌంటెంట్ భార్య. అతను ఇగ్బో, ఈవిడ యోరుబా జాతి మనిషి. ఊళ్ళో ఇంటికి రంగులు వేయించాలని అతను ముందే వెళ్ళిపోయాడు. పండగకు నన్నూ రమ్మన్నాడు కాబట్టి ఆవిడతో, ఎనిమిదేళ్ళ ఇద్దరు మగపిల్లలతో బస్సెక్కాను. యోరుబాల్లో కవలలకు పేర్లు వెతకనక్కర్లేదు. ముందు పుట్టినవాడు తైవో, తర్వాత పుట్టినవాడు కెహిందే. కెహిందేనే పెద్దవాడు. లోకం ఎలా ఉందో చూసి రమ్మని తమ్ముణ్ణి ముందు పంపాడని వాళ్ళ నమ్మకం. ఒకప్పుడు ఇగ్బో ఊళ్ళలో కవలలు పుడితే అపశకునమని అడవిలో వదిలేసేవారు. ఆ సంగతి తెలిసిన ఈవిడ తల్లి, కడుపులో ఇద్దరున్నారని తెలిసిన రోజు వియ్యంకులు ఏమంటారోనని నిద్రపోలేదట. కబురు విన్న మామగారు మేకను కోయించారు.

బస్సు కదిలేముందు పాస్టరు ప్రార్థన చేయించాడు. ఆ తర్వాత మందులమ్మే ఒకతను చాలా దూరం మాట్లాడాడు. అతను దిగిపోయాక ముందు సీట్లోని పెద్దాయన వెనక్కి తిరిగి కవలలను ఏదో అడిగాడు. తైవో ఇగ్బోలో జవాబు చెప్పాడు. ఐయా ఇబేజీ ముఖం మారిపోయింది.

"విన్నారా? తాతంత మనిషిని 'గి' అంటున్నాడు."

యోరుబాలో మనకున్నట్టే నువ్వు, మీరు ఉన్నాయి. ఈడువాళ్ళకూ చిన్నవాళ్ళకూ 'ఓ', పెద్దలకు 'ఎ'. పొద్దున్నే ఈడువాణ్ణి "కారో" అని పలకరిస్తే చాలు, పెద్దవాళ్ళయితే "ఎ కారో" అనాలి. ఆ ఒక్క అక్షరం మరిచిపోతే పెంపకాన్నే తప్పుపడతారు. పని చేసుకుంటున్నవాళ్ళకు ఒక పలకరింపు, కూర్చున్నవాళ్ళకు ఒకటి, ప్రయాణంలో ఉన్నవాళ్ళకు ఇంకొకటి. మగపిల్లలు పెద్దల ముందు నేల మీద బోర్లా పడుకుని దండం పెడతారు, అచ్చం మన సాష్టాంగమే. ఇగ్బోలో ఈ మీరు లేదు. నాన్నయినా, పాస్టరయినా, పాలేరయినా 'గి' అంటే సరిపోతుంది. పెళ్ళయిన పదేళ్ళ తర్వాత కూడా ఆ మాట వింటే తనకు ఒళ్ళు జలదరిస్తుందని ఆవిడ చెప్పింది. నేను వెంటనే ఆవిడ పక్షం చేరిపోయాను. పెద్దవాళ్ళను నువ్వు అనడమేమిటి?

ముందు సీటు పెద్దాయన నవ్వాడు. "మీకు రాజులున్నారమ్మా, వంగడం వాళ్ళ దగ్గర నేర్చుకున్నారు. ఇగ్బో ఎన్వే ఎజె." ఇగ్బోలకు రాజు లేడని దాని అర్థం. ఈ మాటను అందరూ ఒప్పుకోరు, ఒనిచలో రాజు ఉన్నాడు కూడా. అయినా చాలా ఊళ్ళు పెద్దల సభలతో, కుటుంబాల మధ్య మాటలతోనే నడిచేవి. ఇఫె, ఓయో లాంటి యోరుబా నగరాల్లో బ్రిటిష్‌వాళ్ళకు రాజులు దొరికారు, వాళ్ళ చేతనే పాలన చేయించారు. ఇగ్బో ఊళ్ళలో దొరకకపోతే కాగితం చేతికిచ్చి వారెంట్ చీఫులను తయారుచేశారు. ఆడవాళ్ళ మీద కూడా పన్ను వేస్తారన్న భయంతో 1929లో అబా చుట్టుపక్కల వేలమంది ఆడవాళ్ళు ఆ చీఫుల ఇళ్ళనూ కోర్టులనూ ముట్టడించారు. కాల్పుల్లో కొన్ని పదులమంది చనిపోయారు. పెద్దాయన ఇదంతా తన మేనత్తలు నిన్ననే చేసి వచ్చినట్టు చెప్పాడు.

ఆయన చెబుతుంటే నాకు మా అవ్వ గుర్తొచ్చింది. కడప జిల్లాలో మా ఊళ్ళో ఆమెను మేమెవరమూ మీరు అనలేదు. "అవ్వా, నువ్వు తిన్నావా?" అనేవాళ్ళం. నాన్న కూడా నువ్వే. మీరు అన్నది నేను హైదరాబాద్ హాస్టల్లో నేర్చుకున్నాను. నేర్చుకుని ఊరికి వెళ్ళి ఒకసారి "మీరు కూర్చోండి" అంటే అవ్వ బాధపడింది. "నేనేం పరాయిదాన్నా నాయనా" అంది. ఇప్పటిదాకా ఈ బస్సులో నేను ఎవరి పక్షాన మాట్లాడానో అర్థమై చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను.

ఓరేలో భోజనానికి ఆపారు. గర్రితో, అంటే కర్రపెండలం రవ్వతో చేసిన ఎబా, ఎగుసి గింజల పులుసు. రాగి సంగటి తిన్న చేతికి ఎబా కొత్త కాదు. ముద్ద చేసి, మధ్యలో గుంట పెట్టి, పులుసులో ముంచి మింగడమే. బెనిన్ సిటీ దాటడం, చెక్‌పోస్టుల దగ్గర ఆగడం నిద్రలో గడిచిపోయాయి.

అసాబా వచ్చేసరికి చీకటి పడింది. నైజర్ మీద రెండో వంతెన ఆ ఏడాదే మొదలైనా మా బస్సు పాత వంతెన మీదుగానే వెళ్ళింది, గంటన్నర కదల్లేదు. పెద్దాయన మాటలు ఆగిపోయాయి. 1967 అక్టోబర్‌లో వెనక్కి తగ్గుతున్న బియాఫ్రా సైనికులు, అంటే నైజీరియా నుంచి విడిపోతామన్న ఇగ్బోల వైపు సైన్యం, ఈ వంతెనను పేల్చేశారు. ఇవతలి గట్టున అసాబాలో నైజీరియా ఫెడరల్ సైన్యం మగవాళ్ళనూ మగపిల్లలనూ వరసగా నిలబెట్టి చంపింది కూడా ఆ నెలలోనే. అప్పటికి ఆయనకు తొమ్మిదేళ్ళు. 1970 జనవరిలో యుద్ధం ముగిశాక ఆయన తండ్రి బ్యాంకుకు వెళ్తే చేతిలో 20 పౌండ్లు పెట్టారు. యుద్ధానికి ముందు ఎంత దాచుకున్నా, మనిషికి 20 పౌండ్లే. పోర్ట్ హార్‌కోర్ట్‌లో ఇళ్ళున్న ఇగ్బోలకు అవి 'వదిలేసిన ఆస్తి' అయిపోయాయి. "అందుకే లాగోస్‌లో అద్దెకుండి అయినా ఊళ్ళో ఇల్లు కడతాం" అన్నాడు. అకు రుఓ ఉలో, సంపాదన ఇల్లు చేరాలి అని వాళ్ళ మాట. పొద్దున నేను విసుక్కున్న బియ్యం బస్తాలు అప్పుడు వేరేగా కనిపించాయి.

మర్నాడు పొద్దున అకౌంటెంట్ ఇంటి వాకిట్లో కుర్చీలు వేశారు. ఐయా ఇబేజీ మామగారి ముందు మోకాళ్ళ మీద కూర్చుని పలకరించింది, పిల్లలిద్దరూ నేల మీద సాష్టాంగపడ్డారు. ఆయన కంగారుగా వాళ్ళను లేపి, మట్టి దులిపి, దగ్గరికి తీసుకున్నాడు. చెక్క పళ్ళెంలో, అతిథులొస్తే పెట్టే కోలా గింజలు వచ్చాయి. పళ్ళెం మగవాళ్ళందరి చేతులూ తిరిగి మళ్ళీ మామగారి దగ్గరికే చేరింది. ఆయన ఒక గింజ పైకెత్తి ఇగ్బోలో ప్రార్థన మొదలుపెట్టాడు. కోలాకు ఇంగ్లీషు అర్థం కాదట. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషు మాట్లాడే కొడుకు నా చెవిలో అర్థం చెబుతూ వచ్చాడు. "గద్దా వాలాలి, గరుడపక్షీ వాలాలి. రెండోదాన్ని వాలొద్దన్న దాని రెక్క విరగాలి." కోలా విరిస్తే నాలుగు బద్దలు వచ్చాయి. ఎకె, ఓరియే, ఆఫో, న్క్వో, నాలుగు సంత రోజులూ దీవించినట్టేనని అందరూ సంతోషించారు.

తర్వాత ఆయన నా వైపు తిరిగి ఒక మాట చెప్పమన్నాడు. ఇగ్బోలోనే చెప్పాలని ఒక బాబాయి అడ్డుపడ్డాడు. "వాళ్ళ పెద్దలు ఏ భాషలో మాట్లాడేవాళ్ళో ఆ భాషలో చెప్పనీ" అన్నాడు ఇంటి పెద్దాయన.

ప్రార్థన అంటే నాకు సంస్కృత శ్లోకాలే వచ్చు. తెలుగులో దేవుణ్ణి పైకి ఏమీ అడిగిన గుర్తు లేదు. ఆఖరికి అవ్వ నెత్తిన చెయ్యి పెట్టి అనే మాటే నోట్లోంచి వచ్చింది. "అందరూ చల్లగా ఉండండి."

అర్థం అడిగారు. చలి కాదు, నీడలాంటి చల్లదనం అని ఇంగ్లీషులో తంటాలు పడుతుంటే వెనక నిలబడ్డ ఐయా ఇబేజీ "తుతూ!" అంది. యోరుబాలో కూడా చల్లదనమే శాంతి, దీవెన. ఆవిడ మామగారికి ఇగ్బోలో వివరించింది. ఆయనను 'గి' అనే పిలిచింది.

నా బద్ద నమిలాను. చాలా చేదు. కెహిందే గ్లాసుతో నీళ్ళు తెచ్చి రెండు చేతులా ఇచ్చాడు. ఉసిరికాయ తిన్నాక తాగినట్టు తియ్యగా ఉన్నాయి.