హిచ్ కొనే ముందు తూకం వేయించండి

అమెరికాలో ట్రావెల్ ట్రైలర్ కొన్న మనవాళ్లు ముందుగా అడిగేది "ఏ స్వే కంట్రోల్ హిచ్ మంచిది?" అని. హిచ్ అంటే ట్రైలర్‌ని బండికి తగిలించే అమరిక, స్వే అంటే ట్రైలర్ పక్కలకు ఊగడం. అంతకంటే ముందు తెలుసుకోవాల్సింది ట్రైలర్ నొగ మీద, అంటే టంగ్ మీద, ఎంత బరువు పడుతోందో. ఎడ్లబండికి వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల మెడకు ఉరి పడుతుంది. ట్రైలర్ విషయంలోనూ అంతే, కాకపోతే ఇక్కడ వేగం 60 మైళ్లు. వెనక బరువున్న ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడితే ఏ హిచ్చూ పూర్తిగా కాపాడలేదు.

సామాన్లన్నీ సర్దాక ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం టంగ్ మీద ఉండాలి. 12, 13 దగ్గరుంటే నిశ్చింత. బ్రోషర్‌లో ఉండే అంకె ఖాళీ ట్రైలర్‌ది, దాన్ని నమ్ముకోవద్దు. ముందు భాగంలో పెట్టే రెండు చిన్న ప్రొపేన్ సిలిండర్లే నిండుగా ఉంటే 75 పౌండ్ల దాకా తూగుతాయి. గ్యాలన్ నీళ్లు 8.3 పౌండ్లు. 40 గ్యాలన్ల ట్యాంకు ఇరుసుకు వెనక ఉంటే, నింపేకొద్దీ 330 పౌండ్లు వెనక చేరి టంగ్ తేలికవుతుంది. వెనక బంపర్‌కి తగిలించే సైకిళ్లూ అంతే.

హైవే పక్కన ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) మీద మూడుసార్లు తూయించండి: హిచ్ స్ప్రింగ్ బార్లు (బరువును పంచే ఉక్కు కడ్డీలు) బిగించి ఒకసారి, బార్లు వదిలేసి ఒకసారి, ట్రైలర్ విప్పి బండి ఒక్కదాన్నే ఒకసారి. రెండో తూకంలో బండి రెండు ఇరుసుల మొత్తం నుంచి మూడో తూకం తీసేస్తే వచ్చేదే టంగ్ వెయిట్. ఈ బార్ల హిచ్ ఇంకా కొనకపోతే చివరి రెండు తూకాలు చాలు. అలాంటప్పుడు దగ్గర్లోని స్కేల్‌కి నెమ్మదిగా వెళ్లండి.

వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్, అంటే బరువును ఇరుసులకు పంచే ఈ బార్ల హిచ్, ఎందుకో ఒక లెక్కలో చూద్దాం. 6,000 పౌండ్ల ట్రైలర్, టంగ్ మీద 780. పికప్ ముందు, వెనక చక్రాల మధ్య దూరం 12 అడుగులు, బాల్ (ట్రైలర్ కూర్చునే ఉక్కు గుండు) వెనక ఇరుసుకు 5 అడుగుల వెనక ఉంది. వెనక ఇరుసు మీద పడేది 780 కాదు, 1,105 పౌండ్లు. ఎక్కువైన ఆ 325 పౌండ్లూ ముందు చక్రాల నుంచి లేచినవే. స్టీరింగ్ తేలిపోయినట్టు అనిపించేది అందుకే. స్ప్రింగ్ బార్లు మీటలా పనిచేసి ఆ బరువులో కొంత ముందు చక్రాలకీ, కొంత ట్రైలర్ ఇరుసులకీ పంపిస్తాయి.

బార్ల రేటింగ్ ఎంచుకునేటప్పుడు టంగ్ వెయిట్‌కి బండి వెనక ఇరుసు దాటి ఉన్న సామాను బరువు కూడా కలపాలి. 780కి 120 కలిపితే 900, అంటే 1,000 పౌండ్ల బార్లు. "ఎందుకైనా మంచిది" అని 1,400వి కొంటే గతుకుల దగ్గర దెబ్బంతా ఫ్రేమ్‌కి తగులుతుంది. 800వి కొంటే ఎంత బిగించినా బండి ముందు భాగం కిందికి రాదు. రిసీవర్ (హిచ్ దూర్చే, బండి వెనక ఉండే చదరపు గొట్టం) స్టిక్కర్ మీద రెండు అంకెలుంటే, ఈ హిచ్‌తో వర్తించేది వెయిట్ డిస్ట్రిబ్యూటింగ్ అని రాసున్నది. కొన్ని ఎస్‌యూవీల మాన్యువల్ ఈ హిచ్ వాడొద్దనే చెబుతుంది, అది చదవకుండా డబ్బు పెట్టొద్దు.

చాలామంది పొరబడేది డ్రైవర్ తలుపు దగ్గరి పసుపు స్టిక్కర్ దగ్గర, అంటే బండి మోయగల మనుషుల, సామాన్ల మొత్తం బరువు రాసుండే చోట. అందులో 1,400 పౌండ్లు అని ఉంటే, నలుగురు మనుషులు 600, టంగ్ 780, హిచ్ 100 కలిపితే అప్పుడే 1,480. కూలర్ ఇంకా ఎక్కించనే లేదు. హిచ్ బరువును సర్దుతుందే గానీ బండి తాహతును పెంచదు.

ఇక ఊగు సంగతి. ఒకవైపు పక్కన బిగించే విడి ఫ్రిక్షన్ బార్ చవక, చిన్న ట్రైలర్లకు సరిపోతుంది. కానీ రివర్స్‌లో బాగా తిప్పాలంటే ముందే తీసేయాలి, రోడ్డు జారుడుగా ఉంటే వదులు చేయాలి, ప్యాడ్‌కి నూనె తగిలితే పట్టు పోతుంది. ఈక్వలైజర్ బ్రాండ్ లాంటి నాలుగు పాయింట్ల (నాలుగు చోట్ల రాపిడి ఉండే) రకంలో బార్లే ట్రైలర్ ఫ్రేమ్‌కి బిగించిన బ్రాకెట్ల మీద రాసుకుంటూ ఊగును ఆపుతాయి, రివర్స్‌కి తీయక్కర్లేదు. 20 నుంచి 28 అడుగుల కుటుంబ ట్రైలర్‌కి నా ఓటు దీనికే. హెన్స్‌లీ, ప్రోప్రైడ్ బ్రాండ్లవి లింకేజీతో (కడ్డీల అమరికతో) ఊగు పుట్టకుండానే చూస్తాయి. కానీ ధర మామూలు వాటికి మూడు నాలుగు రెట్లు, బరువూ ఎక్కువే.

బిగించేటప్పుడు టేపు దగ్గర పెట్టుకోండి. ముందు చక్రం పైన ఫెండర్ అంచు నేల నుంచి విడిగా 38 అంగుళాలు, ట్రైలర్ తగిలించాక 39.5 అనుకుందాం. బార్లు బిగించాక కనీసం 38.75కి రావాలి. కొన్ని కంపెనీలు సగం చాలంటాయి, కొన్ని పూర్తిగా రావాలంటాయి, మీ మాన్యువల్ మాటే వినండి. 38 కంటే కిందికి దిగితే మాత్రం తప్పే, వెనక చక్రాల పట్టు తగ్గుతుంది. బార్లు గొలుసులతో వేలాడే రకంలో బిగుతు చాలకపోతే ఒక లింకు పైకి ఎక్కించండి, అయినా చాలకపోతే హిచ్ హెడ్‌లో (బాల్, బార్లు ఉండే ముక్కలో) ఒక వాషర్ వేసి వంపు పెంచండి. బార్‌కీ బ్రాకెట్‌కీ మధ్య కనీసం 5 లింకులు మిగలాలి, లేకపోతే మలుపులో గొలుసు పట్టేస్తుంది. కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రైలర్ మూతి) లాక్ చేశాక టంగ్ జాక్‌తో బండి వెనక భాగాన్ని కూడా పైకెత్తి అప్పుడు బార్లు తగిలిస్తే బలం పెట్టాల్సిన పనే ఉండదు. జాక్ లేపకుండా బార్లను పైపుతో లాగితే ఆ పైపు ఎగిరి ముఖానికి తగలొచ్చు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా, దిగుడులో ట్రైలర్ ఊగితే యాక్సిలరేటర్ వదిలేయండి, స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి, బండి బ్రేకు గట్టిగా తొక్కొద్దు. బ్రేక్ కంట్రోలర్ (బండిలోంచి ట్రైలర్ బ్రేకుల్ని నడిపే పరికరం) మీదున్న చేతి మీటను నొక్కితే ట్రైలర్ బ్రేకులు మాత్రమే పడి ట్రైలర్ వెనక్కి లాగి తిన్నగా అవుతుంది. ఆ మీట ఎక్కడుందో చూడకుండానే చెయ్యి వెళ్లేలా, ఖాళీ పార్కింగ్ లాట్‌లో నాలుగుసార్లు నొక్కి చూసుకోండి.