నొప్పి తగ్గిందని సంబరపడ్డా

మాది కనిగిరి. ఇంట్లోనే మిషన్ కుడతా, జాకెట్లు, స్కూలు యూనిఫారాలు, చీరలకి ఫాల్స్. ఇరవై ఏళ్ళుగా దారం పంటితోనే తెంపేదాన్ని, అందుకే ముందు పన్ను కొసన చిన్న గంటు పడింది, నాలుక పెడితే తెలుస్తది. మా వైపు పళ్ళకి గోధుమ రంగు మచ్చలు మామూలే, ఫ్లోరైడ్ నీళ్ళు కదా, చిన్నప్పుడు పన్ను ఇంకా చిగురు లోపల తయారయ్యేటప్పుడే పడిపోతాయంట, ఎంత తోమినా పోవు. దాంతో కింది దవడ పన్ను మీద నల్ల చుక్క కనపడినా ఇదీ అదేలే అనుకున్నా.

నొప్పి మొదలయ్యాక అందరూ డాక్టర్లే. అత్త లవంగం పెట్టుకోమంది, మా నాయన పొగాకు ముక్క నొక్కి పెట్టమన్నాడు. ఊళ్ళో చూపించిన ఆయనైతే నోరు కూడా సరిగ్గా తెరిపించకుండా "పన్ను నొప్పికి ఎవరన్నా చచ్చిపోతారా అమ్మా" అని నవ్వి బిళ్ళలు రాసిచ్చాడు. ఆ నవ్వు నాకింకా గుర్తే. పది రోజులు మింగా. ఒకరోజు పొద్దున లేచేసరికి నొప్పి లేదు, చల్లనీళ్ళు తాగినా జివ్వుమనలా. నెల పైన హాయిగా ఉన్నా, పిప్పి పన్ను తగ్గిపోయిందని పక్కింటావిడకి కూడా చెప్పా. తగ్గడం కాదంట అది, లోపల నరం చచ్చిపోయింది.

ఆ రాత్రి సంగతి చెప్పాలి. సాయంత్రం దవడ కింద కొంచెం బిళ్ళ కట్టినట్టుంటే అత్త ఉప్పు మూట వేడి చేసి కాపడం పెట్టింది (అట్టా వేడి పెట్టగూడదని తర్వాత తిట్లు తిన్నాం). పదకొండు గంటలకి గడ్డం కింద రెండు పక్కలా చెక్కలాగా గట్టిపడిపోయింది, నోట్లోకి ఒక్క వేలు కూడా దూరలా, నాలుక పైకి లేచొచ్చి అంగిట్లో ఆనుకుంటోంది. ఉమ్ము మింగలేక టవల్లో కారుస్తా కూర్చున్నా. పడుకుంటే ఊపిరి ఆడదు. మా ఆయన కారు మాట్లాడతా ఉంటే ఆడబిడ్డ అన్న మాట, "పంటికి ఒంగోలు దాకా కారు కట్టించుకుని పోయేది నువ్వేలే వదినా".

పొదిలి, చీమకుర్తి మీదుగా పోతా ఉంటే ముందు గ్రానైట్ రాళ్ళేసుకున్న లారీలు, దాటడానికి దారియ్యవు. నేను ముందు సీటు పట్టుకుని వంగి కూర్చుని ఒక్కో ఊపిరీ లెక్కపెట్టుకున్నా. మా ఆయన మాలకొండ స్వామికి మొక్కుకున్నాడంట, నాకు తర్వాత చెప్పాడు.

ఆసుపత్రిలో గడ్డం కింద కోసి చీము తీశారు, పన్ను పీకేశారు, సెలైన్లో మందులెక్కించారు, తొమ్మిది రోజులున్నా. షుగరు ఉందని కూడా అక్కడే బయటపడింది, షుగరుంటే ఇట్టాంటివి తొందరగా ముదురుతాయంట.

అక్కడ ఒక చిన్న డాక్టరమ్మ, మా పెద్దమ్మాయి వయసు ఉంటది, మందుల చీటీ వెనక పన్ను బొమ్మ గీసి చెప్పింది. పైన ఎనామిల్, ఒంట్లో ఎముక కంటే గట్టిది, కానీ అందులో ప్రాణం లేదు కాబట్టి అరిగితే మళ్ళీ పుట్టదు. దాని కింద డెంటిన్, అందులో సన్నటి గొట్టాలు, చల్లనీళ్ళకి జివ్వుమనేది అందుకే. లోపల గుజ్జు, అందులో నరాలూ రక్తనాళాలూ. పుచ్చు అక్కడిదాకా పోతే గుజ్జు కుళ్ళి చీము వేరు కొసన బయటికొస్తది. కింది దవడ చివరి పళ్ళ వేర్లు నాలుక కింద కండరానికి ఇంకా కిందికి ఉంటాయంట, అందుకే చీము నోట్లోకి రాకుండా మెడలోకి దిగింది. "నల్ల చుక్కప్పుడే వస్తే సిమెంటు పెట్టి పంపేవాళ్ళం, నరం పోకముందు వచ్చినా రూట్ కెనాల్ తో పన్ను మిగిలేది ఆంటీ" అంది. ఆ పిల్ల చల్లగా ఉండాలి. నవ్వినాయన మాత్రం గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుద్ది.

ఆడబిడ్డ హార్లిక్స్ సీసా పట్టుకుని చూడ్డానికొచ్చింది. తాగా, మాట్లాడలా.

మాలకొండ గుడి శనివారం ఒక్కరోజే తీస్తారు కదా, డిశ్చార్జి అయిన మూడో శనివారం పోయి మొక్కు తీర్చుకున్నాం. ఇప్పుడు రాత్రి పడుకోబోయే ముందు మెత్తటి బ్రష్ తో తోముతా, ఉమ్మేసి ఊరుకుంటా, పేస్టు అంతా పోయేట్టు నీళ్ళతో పుక్కిలించొద్దన్నారు. పొద్దున ఒక్కసారి తోమి చాలనుకునేవాళ్ళు రాత్రిది మానకండి, నిద్రలో ఉమ్ము తక్కువ ఊరుద్ది, పళ్ళకి కాపలా ఉండేదే ఆ ఉమ్మంట. నొప్పి పుట్టి దానంతటదే పోతే ఇంకా తొందరగా పోయి చూపించుకోండి. ఆరు నెలలకోసారి నేను పోతా, పిల్లల్ని కూడా లాక్కెళ్తా.

కత్తెర మిషన్ కి తాడేసి కట్టేశా. అయినా జాకెట్టు కుట్టడం అయిపోంగానే చెయ్యి దారాన్ని నోటి దగ్గరికే తీసుకొస్తది, మా చిన్నది చూసి "అమ్మా" అని అరుస్తది.